ఊరొదలని రాత్రి

అప్పులు చుట్టుముట్టినప్పుడు పారిపోవాలనిపించడం సహజం. నన్ను ఆపింది అద్భుతం కాదు, బైబిల్లోని ఒక చిన్న ప్రశ్న

కోస్తా పట్టణాల్లో 'ఐపీ' అన్న రెండక్షరాలను విడమరచి చెప్పాల్సిన పనిలేదు. ఫలానా వాడు ఐపీ పెట్టాడట అంటే టీకొట్టు దగ్గర అందరికీ అర్థమైపోతుంది. అప్పులు తీర్చలేని మనిషి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో వేసుకునే దివాలా పిటిషన్‌కు అది పొట్టిపేరు. చట్టం ఉద్దేశం మంచిదే. నిజంగా చితికిపోయినవాణ్ని జీవితాంతం వేటాడకుండా, ఉన్న ఆస్తిని అప్పులవాళ్లకు పంచి అతణ్ని బయటపడేయడం కోసం తెచ్చారు. కానీ వాడుకలో ఆ మాటకూ కోర్టుకూ సంబంధం ఎప్పుడో తెగిపోయింది. తెల్లవారేసరికి ఇంటికి తాళం, ఫోన్ స్విచాఫ్, గుమ్మం ముందు పదిమంది జనం. మా ఒంగోల్లో ఐపీ అంటే ఇదే.

ఆ గుమ్మం ముందు నిలబడిన పదిమందిలో ఒకప్పుడు మా అమ్మ ఉంది. నాకు అప్పటికి పన్నెండేళ్లు. వీధిలో చీటీలు కట్టించుకునే ఒకావిడ రాత్రికి రాత్రి కుటుంబంతో వెళ్లిపోయింది. అక్క పెళ్లి కోసం అమ్మ నెలనెలా కట్టిన పద్దెనిమిది వేలు ఆమెతోపాటే పోయాయి. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. కానీ ఆ తర్వాత చాలాకాలం, బజారుకు వెళ్లినప్పుడల్లా ఆ ఇంటి ముందు నుంచే వెళ్లేది. ఎందుకమ్మా అని అడిగితే, "ఎవరన్నా వచ్చి లైటేశారేమో చూద్దామని" అనేది. పారిపోయినవాళ్ల కష్టాల గురించి కథలు చాలా ఉన్నాయి. వాళ్లు వదిలిపోయిన చోట మిగిలినవాళ్లు ఏళ్ల తరబడి ఆ లైటు కోసం చూడటం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

అలాంటి తాళమే మా ఇంటికీ వేసి వెళ్లిపోదామన్న ఆలోచన నాకు 2021 వేసవిలో వచ్చింది.

నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. ఒక పాత ఆఫ్‌సెట్ మిషన్, ఒక కటింగ్ మిషన్, నలుగురు పనివాళ్లు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, చర్చీల క్యాలెండర్లు, క్రిస్మస్ కరపత్రాలు మా పని. ఫ్లెక్సీలు వచ్చి వాల్‌పోస్టర్ల పని ఎప్పుడో లాక్కుపోయాయి. వాట్సాప్ వచ్చి శుభలేఖల సంఖ్య తగ్గించింది. అయినా బండి నడుస్తూనే ఉండేది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. పెళ్లిళ్లు యాభై మందితో ఇళ్లలోనే జరిగాయి. వాటికి శుభలేఖలు ఎవరు వేయిస్తారు? బడులు మూతపడ్డాయి. ప్రశ్నపత్రాలు లేవు. చర్చీలు మూతపడ్డాయి. కరపత్రాలు లేవు.

మిషన్ ఆగినా వడ్డీ ఆగదు. ఇంటి మీద తీసుకున్న బ్యాంకు లోను 4 లక్షల 20 వేలు. విజయవాడ పేపరు వ్యాపారికి ఇవ్వాల్సింది లక్షా 60 వేలు. మా వీధి చివర ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారి దగ్గర తెచ్చింది 2 లక్షలు. ఆయన నూటికి రూపాయిన్నర వడ్డీకి, నోటు కూడా రాయించుకోకుండా, నోటిమాట మీద ఇచ్చారు. ఇవికాక ఇద్దరు ప్రైవేటు ఫైనాన్షియర్ల దగ్గర ప్రోనోట్లు రాసి తెచ్చినవి మూడున్నర లక్షలు. వాటికి నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 10,500. అన్నీ కలిపితే 11 లక్షల 30 వేలు. లాక్‌డౌన్ కాలంలో రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా బ్యాంకు వాయిదాలకు మారటోరియం ఇచ్చింది. ప్రోనోటుకు మారటోరియం ఇచ్చేవాళ్లెవరూ లేరు. 2021లో రెండో వేవ్ వచ్చేసరికి మిగిలిన కాస్త ఊపిరీ ఆగిపోయింది.

మా ఆవిడ తరఫు బంధువు ఒకాయన బెంగళూరులో పెద్ద ప్రెస్సులో సూపర్‌వైజరు. ఒక రాత్రి ఫోన్ చేసి, "బావా, సామానేమీ తీసుకోకుండా బట్టలతో వచ్చేయండి. ఇక్కడ మిమ్మల్ని అడిగేవాడుండడు. రెండేళ్లు పోతే అక్కడివాళ్లే మర్చిపోతారు" అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. ప్రోనోటు మీద దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లన్న సంగతి కూడా అతనే గుర్తుచేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లల టీసీలు ఎలా తీసుకోవాలి, ఏ రోజు వెళ్తే ఎవరి కంటా పడకుండా ఉంటాం, మిషన్ ఎవరికి అమ్మొచ్చు... లెక్కలన్నీ వాటంతటవే సాగిపోతున్నాయి. పదకొండు నెలలుగా ఏ లెక్కా తేలని బుర్రకు ఈ లెక్క మాత్రం ఎంతో సులువుగా తేలడం చూసి నాకే భయం వేసింది.

పారిపోవడం రైలెక్కిన రోజున మొదలవదు. అది ఊళ్లోనే, చాలా ముందే మొదలవుతుంది. తెలిసిన నంబరు నుంచి ఫోన్ వస్తే చేయి వెనక్కి లాగుతుంది. ట్రంకు రోడ్డు మీంచి పోవాల్సిన చోటికి సందుల్లోంచి పోవాలనిపిస్తుంది. కూరగాయలకు పిల్లల్ని పంపాలనిపిస్తుంది. చివరికి ఆదివారం చర్చిలో కూడా ఎవరి పక్కన కూర్చోవాల్సి వస్తుందోనన్న లెక్క మొదలవుతుంది. ఇవన్నీ చిన్నచిన్న పలాయనాలు. వీటికి అలవాటు పడ్డ మనిషికి ఊరొదలడం కొత్త నిర్ణయం కాదు, చివరి మెట్టు మాత్రమే.

ఇక విశ్వాసం సంగతి. నేను పుట్టు క్రైస్తవుణ్ని. మా తాత ముత్తాతల కాలం నుంచీ బాప్టిస్టులం. ఇలాంటి సమయంలో దేవుడు ఏం చేయాలని నేననుకున్నానో దాచుకోను. మా సభల్లో సాక్ష్యాలు చెబుతుంటారు. పది లక్షల అప్పు ఉంది, నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశాను, ఎక్కడి నుంచో డబ్బొచ్చింది అంటారు. టీవీ ప్రసంగాల్లో అయితే ఇది మరీ ఎక్కువ. వాటిని అబద్ధాలనే అధికారం నాకు లేదు. కానీ ఆ సాక్ష్యాలు నాకు ధైర్యం ఇవ్వకపోగా మరింత కుంగదీశాయి. డబ్బు రాకపోతే లోపం నా విశ్వాసంలోనే ఉందన్నమాట. అప్పులవాళ్ల నుంచే కాదు, దేవుడి నుంచి కూడా మొహం చాటేయాల్సిన పరిస్థితి అది.

ఆ రోజుల్లో నాకు ఆసరా అయింది గెలిచినవాళ్ల కథలు కాదు, పారిపోయినవాళ్ల కథలు. ఆ కళ్లతో చూస్తే బైబిలు నిండా వాళ్లే. నీనెవెకు వెళ్లమంటే యోనా దానికి ఎదురు దిక్కున ఉన్న తర్షీషుకు బయల్దేరాడు. యొప్పే రేవులో ఓడ ఎక్కేటప్పుడు ఆయన ప్రయాణానికి కేవు చెల్లించాడని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో చేప గురించే చెప్పారు కానీ ఈ కేవు గురించి ఎవరూ చెప్పలేదు. పారిపోవడానికీ టికెట్ ఉంటుంది, ఆ డబ్బు మన జేబులోంచే పోతుంది. మా బంధువు చెప్పిన బెంగళూరు లెక్కలో ఈ పద్దు లేదు. అమ్మానాన్నల సమాధులున్న ఊరికి మళ్లీ రాలేకపోవడం, పిల్లలకు సొంత ఊరి పేరు చెప్పొద్దని నేర్పడం, వీధిలో తెలుగు మాట వినిపిస్తే గుండె ఝల్లుమనడం... ఇవన్నీ ఆ కేవులోకే వస్తాయి.

సౌలు రాజుకు భయపడి దావీదు అదుల్లాము గుహలో దాక్కున్నప్పుడు ఆయన చుట్టూ దాదాపు నాలుగొందల మంది చేరారు. వాళ్లెవరో కూడా సమూయేలు గ్రంథం చెబుతుంది. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, అప్పులపాలైనవాళ్లు, మనసు విరిగినవాళ్లు. అంటే మూడువేల ఏళ్ల కిందట కూడా అప్పులవాడు ఊరొదిలేవాడన్నమాట. ఏలీయా ప్రవక్త యెజెబెలు రాణి బెదిరింపు విని ఎడారిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక తన ప్రాణం తీసేయమని దేవుణ్ని అడిగాడు. అంతకు ముందే కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం సాధించిన మనిషి. ఆయనకు దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ తర్వాతే హోరేబు కొండ దగ్గర, ఇక్కడేం చేస్తున్నావని అడిగాడు. అడిగి, వచ్చిన దారినే వెనక్కి పంపాడు, చేయాల్సిన పని అప్పజెప్పి.

ఈ కథల్లో దేవుడు పారిపోయినవాణ్ని పిరికివాడని వెక్కిరించడు. ముందు వాడి ఆకలి చూస్తాడు. తర్వాత ఒక ప్రశ్న వేస్తాడు. నాకు తగిలిన ప్రశ్న మాత్రం రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉంది. ఒక ప్రవక్త శిష్యుడు చనిపోతాడు. అప్పిచ్చినవాడు అతని ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా పట్టుకుపోవడానికి వస్తాడు. ఆ విధవరాలు ఎలీషా దగ్గరకు వచ్చి మొరపెట్టుకుంటుంది. ఎలీషా ఆమె ఇంట్లో ఏముందని అడుగుతాడు. కాస్త నూనె తప్ప ఏమీ లేదంటుంది. ఇరుగు పొరుగు ఇళ్లకు వెళ్లి ఖాళీ పాత్రలు ఎరువు తెచ్చుకోమంటాడు. తర్వాత నూనె పొంగిన సంగతి అందరికీ తెలుసు. కానీ మా ఆవిడ ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ అధ్యాయం చదివి ఆపి, "చూశారా, అప్పులున్న మనిషిని దాక్కోమనలేదు, ఇంటింటికీ తిరగమన్నాడు" అంది. ఆ మాట నేనెన్నడూ గమనించలేదు. అద్భుతం జరగక ముందు ఆమె ప్రతి గుమ్మం తొక్కి, తనకు లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. అద్భుతం జరిగాక కూడా ప్రవక్త చెప్పింది ఒకటే. నూనె అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలిన దాంతో నువ్వూ పిల్లలూ బతకండి అని.

ఆ రాత్రే పిల్లల నోటుబుక్కు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఎడమ పక్క ఎవరికెంత ఇవ్వాలో రాశాం. కుడి పక్క ఇంట్లో ఏముందో రాశాం. నెలల తరబడి నా బుర్రలో 'చాలా' అని తిరుగుతున్న అప్పు కాగితం మీదికి ఒక అంకెగా దిగింది. అంకె పెద్దదే. కానీ అంకెకు ఒక చివర ఉంటుంది, 'చాలా'కు ఉండదు. కుడి పక్కన మిషన్లు రెండు, మా ఆవిడ గాజులు మూడు కాసులు, ఆమె కుట్టు మిషను, ఇరవై రెండేళ్లుగా నేర్చుకున్న నా పని. చివరి రెండూ తప్ప మిగతావన్నీ అమ్మాలని నిశ్చయించుకున్నాం.

మర్నాడు ముందుగా మాస్టారింటికే వెళ్లాను. ఎక్కువ మొహమాటం ఉన్న గుమ్మం అదే. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు.

"మాస్టారూ, మీ డబ్బు ఇప్పట్లో ఇవ్వలేను. ప్రెస్సు ఎత్తేస్తున్నాను. ఊళ్లోనే ఎక్కడన్నా పనిలో చేరతాను. నెలకు మూడు వేలు చొప్పున తెచ్చిస్తాను" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వడ్డీయా, అసలా?" అన్నారు.

"మీరెలా అంటే అలా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వూ పోతావనుకున్నానోయ్. వారం నుంచీ మీ ఇంటి వైపు చూస్తున్నా" అన్నారు. "మూడు వేలూ అసలు కింద రాసుకో. కాఫీ తాగి పో."

అందరూ మాస్టారిలాగే ఉన్నారని రాస్తే అది అబద్ధం అవుతుంది. ఒక ఫైనాన్షియరు మా ఇంటి ముందు నిలబడి వీధంతా వినేలా మాట్లాడాడు. ఆ రోజు మా పాస్టరు గారు నాతోపాటు అతని ఆఫీసుకు వచ్చారు. ఆయన హామీ ఉండలేదు, ఉండమని నేనూ అడగలేదు. పక్కన కుర్చీలో కూర్చున్నారంతే. మూడో మనిషి కూర్చుంటే గొంతులు ఎలా తగ్గుతాయో అప్పుడు చూశాను. పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరం గుర్తొచ్చింది. యజమాని దగ్గర నుంచి పారిపోయాడని సంప్రదాయం చెప్పే ఒనేసిము అనే దాసుణ్ని పౌలు వెనక్కి పంపుతూ, వట్టి చేతులతో పంపలేదు. అతనేమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమని సొంత దస్తూరీతో రాసిచ్చాడు, ఇక మీదట దాసుడిగా కాక తమ్ముడిగా చూడమని అడిగాడు. తిరిగి వెళ్లమని చెప్పడం ఎవరైనా చేస్తారు. తోడు వెళ్లడం కొందరే చేస్తారు. చర్చి అన్నాక చేయాల్సిన పని ఈ రెండోదేనని నాకనిపిస్తుంది.

మిషన్లకు 3 లక్షల 10 వేలు వచ్చాయి. గాజులకు లక్ష. ఫైనాన్షియర్ల అసలు మూడున్నర లక్షలూ, బకాయి వడ్డీ కింద 60 వేలూ కట్టి ప్రోనోట్లు వెనక్కి తీసుకున్నాను. ఒకరు చివరి నాలుగు నెలల వడ్డీ వదిలేశారు. ఇంకొకరు రూపాయి కూడా తగ్గించలేదు. ఆ తర్వాత నేను కర్నూలు రోడ్డులో ఇంకొకరి ప్రెస్సులో ఆపరేటరుగా చేరాను. జీతం 14 వేలు. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు అక్కడ నాకంటే సీనియరు. మొదటి రోజు అతను నన్ను 'సార్' అనాలో 'అన్నా' అనాలో తెలియక రెండూ అనలేదు. పారిపోకుండా ఉండటానికి కట్టాల్సిన కేవు ఇది. బెంగళూరులో ఇదే పని చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ అందరికీ తెలుసు. నాలుగైదు నెలలకు ఆ కుర్రాడు 'అన్నా' అనడం మొదలుపెట్టాడు.

ఈ రోజుల్లోనే మా ఊరి చరిత్ర కూడా నాకు కొత్తగా అర్థమైంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలై 1840లో నెల్లూరు చేరింది. ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఈ పని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు 1853లో ఒకసారి, 1862లో మరోసారి ఆలోచించారు. ఖర్చు తప్ప కనిపిస్తున్నదేమీ లేనప్పుడు అది తెలివితక్కువ ఆలోచనేమీ కాదు. కానీ మిషన్ ఆగలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూవెట్ దంపతులూ మరికొందరు తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండ మీద నిలబడి ప్రార్థన చేశారు. 1862 చర్చ నాటికి ఆరోగ్యం చెడి స్వదేశంలో ఉన్న జూవెట్, తాను మాత్రం తిరిగి వెళ్తానని పట్టుబట్టారు. ఆ కొండ మీది ప్రార్థన గడిచిన పన్నెండేళ్లకు, 1866లో, జాన్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నాకు ఆ అంకె కన్నా, దానికి ముందు ఏ అంకెలూ లేని ఏళ్లే ముఖ్యం. కొండ మీద నిలబడ్డవాళ్లకు 1878 సంగతి తెలియదు. తెల్లారాక కొండ దిగి మళ్లీ పనిలోకి వెళ్లారంతే.

అయితే నిలబడమని అందరికీ ఒకే మందు రాసిచ్చేవాళ్లంటే నాకు భయం. వెళ్లిపోవడం ప్రతిసారీ పారిపోవడం కాదు. హేరోదు చంపజూస్తే యోసేపు, మరియ రాత్రికి రాత్రే బిడ్డను తీసుకుని ఐగుప్తుకు వెళ్లారు. దమస్కులో పౌలును గోడ మీంచి గంపలో దించి తప్పించారు. తాగొచ్చి కొట్టే భర్త దగ్గర నుంచి పిల్లల్ని తీసుకుని బయటపడ్డ స్త్రీకి సహనం గురించి ప్రసంగించే హక్కు ఏ పాస్టరుకూ లేదు. ఇటుక బట్టీలో అడ్వాన్సు పేరుతో కట్టిపడేసిన కూలీ తప్పించుకుంటే అది పలాయనం కాదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీయే చెల్లదు. పనుల్లేక ప్రకాశం జిల్లా పల్లెల నుంచి హైదరాబాద్‌కో, గుంటూరుకో వలసపోయేవాళ్లు బతుకు వెతుక్కుంటూ పోతున్నారు, బాధ్యత వదిలి కాదు. శారయి వేధింపులు భరించలేక వెళ్లిపోయిన హాగరును దూత తిరిగి పంపిన ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎడారిలో బావి దగ్గర ఆమెను పేరుపెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అని ముందుగా అడిగారన్నదొక్కటే ఊరట. నా మటుకు తేడా తెలుసుకునే గుర్తు ఒకటే. ప్రాణం దక్కించుకోవడానికి వెళ్తున్నానా, లేక నన్ను నమ్మినవాడి కళ్లలోకి చూడలేక వెళ్తున్నానా?

ఇంకో పలాయనం ఉంది, తిరిగి రాలేనిది. పొగాకు ధర పడిపోయిన 2015లో మా జిల్లాలో కొందరు రైతుల విషయంలో అదే జరిగింది. అలాంటి ఆలోచన చెట్టు కింద కూలబడ్డ ఏలీయాకు కూడా వచ్చింది కాబట్టి, అది వచ్చినవాణ్ని పాపి అనడం ఆపేస్తే మంచిది. రొట్టె, నీళ్లు, నిద్ర, పక్కన ఒక మనిషి. ముందు కావాల్సినవి ఇవి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. మా చర్చి నోటీసు బోర్డు మీద వాక్యం కింద ఆ నంబరు కూడా రాయించాం.

పేపరు వ్యాపారి బాకీ 2024లో తీరిపోయింది. నెలకు ఐదు వేల చొప్పున ముప్పై రెండు నెలలు పట్టింది. ఆయన చివరి రసీదు మీద ఏమీ రాయలేదు కానీ, ఆ సంవత్సరం క్యాలెండరు ఒకటి పోస్టులో పంపాడు. బ్యాంకు వాయిదా నడుస్తోంది.

మాస్టారు 2023లో పోయారు. నిద్రలోనే పోయారు. నోటు లేదు, సాక్షి లేడు. ఆయన పిల్లలు అమెరికాలో ఉంటారు. వాళ్లకు ఈ అప్పు సంగతి తెలియదని కర్మకాండల్లో వాళ్లతో మాట్లాడినప్పుడే నాకు అర్థమైంది. ఆ రోజు ఇంటికి నడిచొస్తుంటే 2021 వేసవి నాటి ఆలోచనే మళ్లీ వచ్చింది, ఈసారి మరింత మర్యాదగా. ఇప్పుడు రైలెక్కక్కర్లేదు, తాళం వేయక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊళ్లో ఉంటూనే పారిపోవచ్చు, ఎవరికీ తెలియదు. ఒకసారి నిలబడ్డవాడికి ఇక ఆ బెడద ఉండదని నేననుకునేవాణ్ని. అది నిజం కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో రోజువారీ రొట్టె అడిగిన నోటితోనే శోధన నుంచి తప్పించమని కూడా ఎందుకు అడగాలో అప్పుడు తెలిసింది. రెండూ ఏ రోజుకారోజు అడగాల్సినవే.

పదకొండో రోజు దాటాక వెళ్లి మాస్టారి భార్యకు అంతా చెప్పాను. ఎంత తెచ్చిందీ, ఎంత ఇచ్చిందీ, ఎంత మిగిలిందీ కాగితం మీద రాసిచ్చాను. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసి మడిచి బొడ్డులో దోపుకున్నారు.

"అబ్బాయికి చెప్పమంటారా అమ్మా? ఒకేసారి ఎక్కడన్నా తెచ్చి కట్టేయమంటారా?" అని అడిగాను.

"వాడికెందుకు నాయనా, వాడికేం తక్కువ? ఇది నా చేతికే ఇవ్వు" అన్నారు. "ఒకేసారి వద్దు. నెలనెలా నువ్వే తీసుకురా. ఇంటికి ఒక మనిషి వచ్చినట్టు ఉంటుంది."

పేపరు బాకీ తీరినప్పటి నుంచి ఆమెకు ఐదు వేలు ఇస్తున్నాను. ప్రతి నెలా ఒకటో తారీఖు దాటిన మొదటి ఆదివారం, చర్చి అయ్యాక అటు నుంచి అటే వెళ్తాను. ఆమె డబ్బు లెక్కపెట్టి, గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని, కాఫీ ఇస్తారు. మాస్టారి సంగతులు చెబుతారు. బాకీ మొత్తం తీరిపోయాక ఏం చేయాలో మేమిద్దరం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. నేనైతే వెళ్లడం మానే ఉద్దేశంలో లేను.